జీతం: సున్నా

సేవాసంస్థ అనగానే మనకి గుర్తొచ్చేది పిల్లల నవ్వుమొహాల ఫోటో. ఆ ఫోటో వెనక ఒక లావుపాటి ఫైలు ఉంటుంది. సొసైటీ రిజిస్ట్రేషన్ కాగితం, నియమావళి, పాన్ కార్డు, ఆదాయపన్ను శాఖ ఇచ్చే రిజిస్ట్రేషన్, విరాళాల మినహాయింపు ఉత్తర్వులు, నీతి ఆయోగ్ దర్పణ్ నంబరు, కంపెనీల సీఎస్ఆర్ డబ్బు కావాలంటే సీఎస్ఆర్-1 నంబరు, మూడేళ్ళ ఆడిట్ రిపోర్టులు, వాటి మీద చార్టర్డ్ అకౌంటెంట్ సంతకం, ఆ సంతకం నిజమైనదేనని చెప్పే యూడిన్. అన్నిటికన్నా పైన, రాబోయే ఏడాది బడ్జెట్. గ్రాంటు ఇచ్చేవాళ్ళు ఫోటో తర్వాత చూస్తారు, ముందు ఫైలు చూస్తారు.

నేను బీకాం చదివి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. నెలకి రెండు ఆదివారాలు పాలమూరు వైపు బస్సెక్కి, ఒక చిన్న సంస్థకి లెక్కలు రాస్తాను. కూలికి వలసపోయే కుటుంబాల పిల్లలు బడి మానేయకుండా ఊళ్ళోనే ఉండి చదువుకునే హాస్టల్ అది. ముప్ఫై ఎనిమిది మంది పిల్లలు, ఒక వంటమనిషి, ఒక టీచరు. నడిపేది అక్క. ఊళ్ళో అందరికీ ఆవిడ అక్కే, నాకూ అంతే.

అక్కడ కూరగాయలు సంతలో కొంటారు. గోనెపట్టా మీద టమాటాలు పోసుకుని కూచున్న ముసలమ్మని బిల్లు ఎవరడుగుతారు? అందుకని మేమే ఓచర్ రాస్తాం. తేదీ, ఏం కొన్నాం, ఎన్ని కిలోలు, అంకెల్లో ఎంత, అక్షరాల్లో ఎంత, డబ్బు తీసుకున్నవాళ్ళ సంతకమో వేలిముద్రో. కూలి, జీతం లాంటివి ఐదువేలు దాటితే రూపాయి రెవెన్యూ స్టాంపు. నాకు ఈ ఓచర్లంటే ఇష్టం. ఊరి ముఖం ఎన్నడూ చూడని మనిషి కూడా కొన్నేళ్ళ తర్వాత ఆ కట్ట విప్పి, ఫలానా సంతరోజు పిల్లలు ఏం తిన్నారో చెప్పగలడు. పరాయి డబ్బుతో పని చేసేవాళ్ళు ఆ మాత్రం జవాబు చెప్పాల్సిందే. అందులో నాకు పేచీ లేదు.

పేచీ అంతా మొదటి మెట్టు దగ్గర. మూడేళ్ళ ఆడిట్ చూపిస్తేగానీ డబ్బివ్వరు, డబ్బు లేకుండా మూడేళ్ళు నడవాలి, ఆడిటర్ ఫీజూ కట్టుకోవాలి. విదేశీ విరాళాలకి రిజిస్ట్రేషన్ కావాలంటే ఆ మూడేళ్ళలో సొంత కార్యక్రమాల మీద పదిహేను లక్షలు ఖర్చు పెట్టి ఉండాలి. ఇక ఆదాయ వ్యయాల పట్టిక సంగతి. ఏడాది చివర కాస్త మిగిలిందనుకోండి, ‘ఉన్నాయిగా, ఇంకెందుకు?’ అంటారు. లోటు వచ్చిందనుకోండి, ‘వీళ్ళు నిలబడతారా?’ అంటారు. పోనీ దాచుకుందామా అంటే, ఆదాయపన్ను శాఖ రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ ఆదాయంలో 85 శాతం ధర్మకార్యాలకి ఖర్చు పెట్టాలి, లేదా ఫలానా పనికోసం దాస్తున్నామని పన్ను శాఖకి ముందే రాసివ్వాలి.

ఈ గొడవల్లో పడి నేను చాలాకాలం పట్టించుకోని వరుస ఒకటుంది. పోయిన చలికాలం ఒక గ్రాంటు దరఖాస్తుకి బడ్జెట్ వేస్తుంటే అదొచ్చింది. నిర్వాహకుల జీతం.

“అక్కా, ఇక్కడ నీ జీతం రాయాలె.”

“నాకెందుకు జీతం? సున్న పెట్టు.”

“రోజంతా ఈడనే ఉంటివి. రాత్రి పిల్లకి జ్వరమొస్తె దవాఖానకు నువ్వే పోతివి.”

“ఊరోళ్ళు ఏమంటరు? పిల్లల పేరు చెప్పుకోని బతుకుతుందంటరు. నాకొద్దు.”

ఆ మాటకి వెంటనే జవాబు చెప్పలేం. ఆవిడకున్న ఆస్తల్లా ఆ పేరే. దాని మీదే ఊరు బియ్యం ఇస్తుంది, కందులిస్తుంది. కానీ ఆ సున్నా వల్ల ఏం జరుగుతుందో కాగితం మీద లెక్క వేసి చూపించాను. మొత్తం ఖర్చుని పిల్లల సంఖ్యతో భాగిస్తే తలకింత అని వస్తుంది. అది చాలా తక్కువ. డబ్బిచ్చేవాళ్ళు మెచ్చుకుంటారు కూడా. అయితే అది హాస్టల్ నడిపే ఖర్చు కాదు, అక్క ఉంటే అయ్యే ఖర్చు. ఆవిడకి అరవై దగ్గరపడుతున్నాయి. మోకాళ్ళు నొప్పి. రేపు ఆవిడ చోట జీతమిచ్చి ఒక మనిషిని పెడితే, అదే హాస్టల్ ఒక్కసారిగా ఖరీదైపోయినట్టు కనిపిస్తుంది. ‘పోయినేడు ఇంతలో అయిందిగా’ అని ఎవరైనా అడిగితే మన దగ్గర మాట ఉండదు. మా ఓచర్లన్నీ నిజం. ఆ ఒక్క సున్నా మాత్రం నిజం కాదు.

అక్క చాలాసేపు మాట్లాడలేదు. చివరికి ఇద్దరం ఒక దారి పట్టాం. ఆ పనికి ఆ చుట్టుపక్కల వార్డెన్‌కి ఎంతిస్తారో కనుక్కుని ఆ అంకె రాశాం. పక్క గడిలో ‘సంస్థ వాటా, సేవ రూపంలో’ అని రాశాం. చేతులు మారని డబ్బు కాబట్టి అది నగదు పుస్తకంలోకి రాదు, బడ్జెట్‌లో మాత్రం కనిపిస్తుంది. దాని కింద ఇంకో వరుస: అక్క దగ్గర పని నేర్చుకునే ఒకమ్మాయికి నెలజీతం. ఇది మాత్రం నికరంగా అడిగాం. కార్యవర్గం తీర్మానం రాయించి జతచేశాం.

దరఖాస్తు వెళ్ళింది. జవాబు ఇంకా రాలేదు. ఆ అమ్మాయి పక్క వీధిలోనే ఉంది, డిగ్రీ అయిపోయింది, ‘ఏమైందన్నా?’ అని నేను వెళ్ళినప్పుడల్లా అడుగుతుంది. ఇంకెన్నాళ్ళు ఆగుతుందో తెలీదు. పట్నంలో మాల్‌లో ఉద్యోగం ఉందని ఎవరో చెప్పారట.

ఇలాంటి ఖర్చుకి లోకంలో మంచి పేరు లేదు. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ పరిపాలన ఖర్చుని 50 శాతం నుంచి 20 శాతానికి దించింది. పాఠం చెప్పే టీచరు జీతం అందులోకి రాదు. ఆఫీసు అద్దె, లెక్కలు రాసే మనిషి జీతం వస్తాయి. మనమూ తక్కువేం కాదు. ఫోన్‌లో విరాళం పంపేముందు ‘మీ ప్రతి రూపాయీ నేరుగా పిల్లలకే’ అన్న వాక్యం కనిపిస్తే మన మనసు కుదుటపడుతుంది. ఈసారి ఆ వాక్యం కనిపిస్తే ఒక్క క్షణం ఆగి, వాళ్ళ వార్షిక నివేదికలో జీతాల వరుస వెతకండి. అక్కడేమీ లేకపోతే, ఆ పిల్లలకి పొద్దున్నే అన్నం వండిపెట్టే మనిషికి జీతం ఎవరిస్తున్నారో అడగండి.