పాస్‌పోర్టు మారిన చందా

మా సీమలో దైవకార్యములకు ధనము సమకూరిన చరిత్ర చాలవరకు రాతిమీదనే యున్నది. లేపాక్షి వీరభద్రాలయ శాసనములు భూదానములను పేర్కొనుచుండగా, అచ్యుతదేవరాయల కోశాధికారి విరూపణ్ణ రాజానుమతి లేకయే బొక్కసపు సొమ్మును ఆ కట్టడమునకు వెచ్చించి, ఆ నేరమునకు తన కన్నులను తానే పెరికివేసికొనెనని జనశ్రుతి. తళ్ళికోట యుద్ధానంతరము రాజధానియైన పెనుకొండ దేవళములకును మాన్యములే ఆధారము. అట్టి మాన్యముల హక్కులను 1858లో నేర్పడిన ఇనాం కమిషను విచారించెను. 1956 నాటి చట్టము వానిని రైత్వారీ పట్టాలుగా మార్చెను.

ధర్మవరములో మా మేనమామగారు లెక్కలు వ్రాయు భజన మందిరమునకు మాన్యమును లేదు, శాసనమును లేదు. మగ్గములు చక్కగా నడిచిన మాసమున శనివారపు చందా నిండుగను, పట్టునూలు ధర పెరిగిన మాసమున సగముగను వచ్చుచుండెను. శ్రీరామనవమి పానకమునకు హిందూపురపు మండీనుండి ఒక బంధువు బెల్లము పంపుచుండెను.

నేను అమెరికాకు వచ్చిన పిదప ఆ లోటును నా డాలర్లు పూడ్చసాగినవి. భారత పౌరుడు పరదేశమున ఆర్జించి బ్యాంకు ద్వారా పంపిన స్వార్జితము విదేశీ విరాళము కాదు. కాని అతడే అన్యదేశ పౌరసత్వమును స్వీకరించినచో, ఓసీఐ కార్డు చేత నున్నను, ఆ సొమ్ము 2010 నాటి చట్టము ప్రకారము విదేశీ విరాళమగును. దానిని స్వీకరించుటకు సంస్థకు కేంద్రప్రభుత్వపు రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతియో కావలెను. 2020 సవరణ తరువాత ఆ ధనము మొదట న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖకే చేరవలెను. దీపపు నూనెకు లెక్క చూచుకొను మందిరమునకు ఇంతటి తతంగము సాధ్యమా? నేను పౌరసత్వము మార్చుకొన్నానని వినగానే మామయ్య ఫోనులో, "నీ దుడ్డు మంచిదే అల్లుడా, పాస్‌పోర్టే మనది కాదు," అని నవ్వి, ఇక పంపవద్దనెను.

నాకు కొంత నొచ్చినమాట నిజమే. అయినను నా సొమ్ము వచ్చుచున్నన్నాళ్లు "అమెరికా అల్లుడున్నాడు గదా" యని వీధివారు చందా పుస్తకమును దాటవేయుచుండిరనియు, అది ఆగిన పిమ్మట పుస్తకము మరల గడపగడపకు తిరుగుచున్నదనియు తరువాత తెలిసినది. కప్పు మరమ్మత్తు ఆలస్యమైనది గాని, నవమినాటి సాయంత్రము మామయ్య జమాఖర్చులు చదువునప్పుడు పానకపు ఏలకులకు అంత ఖర్చేమని నిలదీయువారు పెరిగిరి. నా డాలర్ల లెక్కను మాత్రము ఎవ్వరును ఏనాడును అడిగి యుండలేదు.