వాడినీ ఒక మాట అడగాలిగా!

మా నడికుడిలో ఒడుగులంటే ఇంటికి సున్నాలు, పిల్లాడికి పూలదండలు, చుట్టాలకు బిర్యానీ. "అదిగో పిట్ట!" అనగానే వాడు తలెత్తేలోగా మంగలి కత్తి పని కానిచ్చేది. మా వారికి అలాగే అయింది. మా అబ్బాయికి మాత్రం గవర్నమెంటాసుపత్రిలో చేయిద్దామన్నాను. "జబ్బు కానిదానికి ఆసుపత్రెందుకే?" అన్నారు అత్తయ్య.

ఆ ప్రశ్న కోర్టులదాకా వెళ్ళింది లెండి. మతం కోసం పసివాడి ఒంటిని కోయడం నేరమని 2012లో జర్మనీలోని కొలోన్ కోర్టు అంది. ఆ ఏడాదే అక్కడి పార్లమెంటు షరతులతో అనుమతిస్తూ చట్టం చేసింది. మన కేరళ హైకోర్టు 2023లో, దీన్ని ఆపాలన్న పిటిషన్ను కొట్టేసింది. అయినా ఆసుపత్రి వద్దంటే మనం మానతామా? ఆ కత్తి దగ్గరికే పోతాం!

డాక్టరయితే ముందు పరీక్ష చేస్తారు. మూత్రం దారి చివర కాకుండా కిందివైపు ఉంటే కోయకూడదు. తర్వాత సరిచేసే ఆపరేషనుకు ఆ చర్మమే కావాలి. మీ పుట్టింటివైపు మగపిల్లలకు దెబ్బ తగిలితే రక్తం ఓ పట్టాన ఆగని జబ్బుంటే తప్పక చెప్పండి, అది తల్లి ద్వారా కొడుక్కి రావచ్చు.

ఇంతకీ ఏడేళ్ళవాడిని అడగొద్దూ? ఆడపిల్లల చెవులు కుట్టించేటప్పుడూ అడగం, నిజమే. కానీ పోగు తీస్తే చిల్లు పూడొచ్చు, ఇది అలా కాదుగా. అందుకే ఉన్నదున్నట్టు చెప్పాను.

"నొప్పెడుతుందా?"

"మత్తిస్తారు. తర్వాత కొంచెం ఉంటుంది."

"నేను వద్దంటే?"

వేసవి సెలవులదాకా ఆగుదామన్నాను. అత్తయ్య నాతో మాట్లాడటం మానేశారు.