నేను అడమెంటా?

మొన్న అప్రైజల్ లో మా మేనేజరు నా గురించి ఒక్క ముక్క రాశారు. "టెక్నికల్ గా స్ట్రాంగ్, కానీ అడమెంట్." రేటింగు సంగతి దేవుడెరుగు, నేను ఆ "కానీ" దగ్గరే ఆగిపోయాను.

జరిగింది ఇంతే. శుక్రవారం సాయంత్రం రిలీజు. తేడా వస్తే పాత వెర్షన్ కి వెళ్ళే రోల్ బ్యాక్ స్క్రిప్టుని ఎవరూ ఒక్కసారి కూడా నడిపి చూడలేదు. చూసేదాకా సైన్ ఆఫ్ ఇవ్వనన్నాను. రిలీజు సోమవారానికి పోయింది. తీరా నడిపితే స్క్రిప్టు బ్రహ్మాండంగా పనిచేసింది. హీరో అయ్యే ఛాన్సు కూడా పోయింది :-)

ఈ బిరుదు నాకు కొత్త కాదు లెండి. మాది ఉరుకుంద. శ్రావణమాసంలో ఈరన్న స్వామి కోసం కర్ణాటక నుంచి కూడా జనం వస్తారు. ఆ జనంలో బొమ్మ కారు కావాలని నేలమీద కూర్చుండిపోతే మా అవ్వ "మొండోడు, సెప్తే ఇనడు" అనేది. అదే అవ్వ, నేను రెండోసారి ఎంసెట్ రాసి సీటు తెచ్చుకుంటే "మావోడికి పట్టుదల" అంది. పని అయితే పట్టుదల, కాకపోతే మంకుపట్టు.

అడమెంట్ అలాంటి మాట కాదు. ఇంగ్లీషువాళ్ళు దాన్ని ఎక్కువగా ఫలానా విషయంలో అంటూ వాడతారు. స్వభావమే అంత అయితే స్టబర్న్ అంటారు. మనం మాత్రం మనిషికే తగిలించేస్తాం. "రోల్ బ్యాక్ విషయంలో అడమెంట్" అని రాసుంటే సంతోషంగా సంతకం పెట్టేవాణ్ణి.

ఈ మాటకి మూలం గ్రీకు "అడమాస్", లొంగనిది అని. డైమండ్ పుట్టిందీ అక్కడినుంచే. వజ్రాలు మాకు మరీ దూరం కాదు. తొలకరి పడితే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో తలలు వంచుకుని వెతికే జనమే జనం. కానీ వజ్రంలో ఒక మెలిక ఉంది. మోస్ స్కేలు మీద దాని కాఠిన్యం 10, అంత తేలిగ్గా గీత పడదు. సరైన చోట సుత్తి దెబ్బ పడితే మాత్రం పగులుతుంది.

కర్నూలు జిల్లావాణ్ణి కదా, ఇక్కడ పొట్టి శ్రీరాములు గుర్తొస్తారు. 1952 అక్టోబరు 19న మద్రాసులో దీక్షకి కూర్చుని, 58 రోజులకి, డిసెంబరు 15న పోయారు. నిరాహారదీక్షకి లొంగేది లేదని ఢిల్లీ కూడా అడమెంటే. ఆయన పోయిన నాలుగు రోజులకి నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ప్రకటించారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధాని అయింది. ఇద్దరిలో ఎవరిది పట్టుదలో, ఎవరిది మొండితనమో ఇప్పుడు ఎవర్నడిగినా చెప్తారు. ఆ 58 రోజుల్లో అడిగుంటే?

నా స్క్రిప్టు గొడవని ఆయన పక్కన పెట్టట్లేదండీ బాబూ, అంత సీన్ లేదు. "రోల్ బ్యాక్ విషయంలో" అన్న మాట చేర్చమని మేనేజరుని అడిగాను, అంతే. ఫారం లాక్ అయిపోయిందట.

రేపు మళ్ళీ అడుగుతా.