మనుష్యుని గూర్చిన చదువు

మా అమ్మాయి ఎం.ఎ.లో మానవశాస్త్రము చదువుతానన్నప్పుడు బంధువులు, "దానితో ఉద్యోగమొస్తుందా?" అని అడిగారు. సంఘపెద్ద ఒకరు, "మనిషి కోతి నుండి వచ్చాడని నేర్పుతారటగా!" అన్నారు. తన పుస్తకాలు మేము కూడ చదివాము. తెలుసుకొన్నది మీతో పంచుకుంటున్నాము.

ఈ శాస్త్రమునకు ముఖ్యముగా నాలుగు శాఖలున్నాయి. మొదటిది శారీరక మానవశాస్త్రము. ఎముకలు, రక్తపు గ్రూపులు, జన్యువులు దీని పాఠాలు. పరిణామ సిద్ధాంతము ఇక్కడ బోధిస్తారు, నిజమే. అయితే మనిషి నేటి కోతి నుండి పుట్టాడని కాదు, ఇద్దరికీ పూర్వమొక మూలమున్నదని. విశ్వాసి దానిని చదివి, ప్రార్థనతో ఆలోచించవచ్చును. పాఠానికి భయపడేంత బలహీనమైనది కాదు మన విశ్వాసము.

రెండవది పురావస్తు శాస్త్రము. 1863లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే ఆయనకు మద్రాసు దగ్గర పల్లవరములో ఆదిమానవుడు చెక్కిన రాతి పనిముట్టు దొరికింది. అక్షరమెరుగని వారి కథను రాళ్లు, కుండపెంకులు చెబుతాయి.

మూడవది భాషలను గూర్చినది. తిరునల్వేలిలో సేవచేసిన మిషనరీ కాల్డ్వెల్ 1856లో ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణము ప్రచురించి, తెలుగు, తమిళము, కన్నడము ఒకే కుటుంబమని చూపించాడు.

నాల్గవది సాంఘిక, సాంస్కృతిక శాఖ. ఒక జనుల మధ్య నివసించి, వారి మాట నేర్చి, తీర్పు తీర్చకముందు వినడమే దీని పద్ధతి. వియన్నాలో పుట్టిన హైమన్‌డార్ఫ్ 1940లలో నిజాము రాజ్యములోని చెంచులు, కొండరెడ్లు, గోండుల మధ్య అలాగే పనిచేశాడు. ఆయన భార్య బెట్టీ 1987లో మరణించగా, ఆదిలాబాదు ప్రాంతములోని మార్లవాయి అనే గోండుల ఊరిలో సమాధి చేశారు. పరలోకము విడిచి మన మధ్య నివసించిన ప్రభువును సేవించే మనకు ఈ పద్ధతి కొత్తది కాదు.

మొన్న సెలవులలో మా అమ్మాయి నాయనమ్మ ప్రక్కన కూర్చొని, మన పేటలో మొదట బాప్తిస్మము పొందిన కుటుంబాల సంగతులు, ఆనాటి పెండ్లిండ్లు, కరవు రోజులు అన్నీ వ్రాసుకొన్నది. ఎనభై యేండ్ల ఆమె ముఖములో ఆ సాయంకాలము మేము చూచిన సంతోషము మరువలేము.

ఉద్యోగము తప్పక వస్తుందని మేము చెప్పలేము. మ్యూజియములు, గిరిజన సంక్షేమ పనులు, భారత మానవశాస్త్ర సర్వేక్షణ సంస్థ వంటి చోట్ల అవకాశాలున్నాయి. అంతకంటె విలువైన లాభము ఇంకొకటున్నది. మానవ జన్యుపటము తయారుచేసే పని 2003లో ముగిసింది. ఏ ఇద్దరి డి.ఎన్.ఏ. పోల్చినా సుమారు 99.9 శాతము ఒక్కటేనని శాస్త్రజ్ఞులు తెలిపారు. దేవుడు ఒక్కని నుండే సకల జనములను కలుగజేశాడని పౌలు ఏథెన్సులో ఏనాడో ప్రకటించాడు. అయినను ఒకే బల్లయొద్ద రొట్టె విరిచే మనము, సంబంధము వచ్చినప్పుడు మొదట కులమడుగుతున్నాము కదా!

యౌవనస్థులారా, ఈ చదువు మీకు ఇష్టమైతే వెనుదీయవద్దు. తల్లిదండ్రులారా, అడ్డగించవద్దు. పొరుగువానిని ప్రేమించాలంటే మొదట అతనిని ఎరిగియుండాలి.