మాట రాకపోయినా గొంతు తెలుస్తుంది

కిస్మెట్ అనే మరమనిషి గురించి రాస్తున్నాను. సైన్సు పాఠమే కదా అని వదిలేయకుండా చివరిదాకా చదవండి.

అమెరికాలో ఎమ్.ఐ.టి. అనే పెద్ద విద్యాసంస్థ ఉంది. అక్కడ 1990ల చివర్లో సింథియా బ్రెజీల్ అనే విద్యార్థిని తన పరిశోధన కోసం కిస్మెట్‌ని తయారు చేసింది. 2000లో ఆమెకు డాక్టరేటు వచ్చింది. కిస్మెట్‌కి కాళ్లు చేతులు లేవు. తల ఒక్కటే. పెద్ద కళ్లు, కనుబొమలు, ఎర్రటి పెదవులు, అటూ ఇటూ కదిలే చెవులు ఉంటాయి. మనుషులతో కలిసిమెలిసి ఉండే మరమనిషి కావాలని ఆమె దాన్ని అలా చేసిందట.

కిస్మెట్‌కి మాటల అర్థం తెలియదు. గొంతు ఎంత పైకి లేచింది, ఎంత కిందికి దిగింది, ఎంత గట్టిగా ఉంది అన్నది కంప్యూటరు లెక్క కడుతుంది. దాన్నిబట్టి ఇది మెచ్చుకోవడమా, తిట్టడమా, పిలవడమా, బుజ్జగించడమా అని తేల్చుకుంటుంది. మెచ్చుకుంటే నవ్వు మొహం పెడుతుంది. తిడితే తల వంచేస్తుంది. ఫ్రెంచి, రష్యన్ లాంటి వేరువేరు భాషల ఆడవాళ్లతో మాట్లాడించి కూడా చూశారు. తిట్టమని చెబితే తిట్టినవాళ్లే, అది తల దించుకోవడం చూసి అయ్యో పాపం అనుకున్నారట. యంత్రమని వాళ్లకు తెలుసు. అయినా మనసు ఊరుకోలేదు.

ఇది తెలిసినప్పటినుంచి నాకు ఒకటే ఆలోచన. మాది కోయ గూడెం. ఇంట్లో కోయ భాషే. మూడో తరగతిలో హాస్టల్‌కి వచ్చేటప్పటికి నాకు తెలుగు రాదు. అన్నాల దగ్గర ఒకామె ఏదో అన్నది. ఒక్క ముక్క అర్థం కాలేదు. గొంతు మెత్తగా ఉందని కంచం పట్టుకుని పోయాను. మర్నాడు ఇంకొకామె గట్టిగా అరిచింది. నేను తలుపు వెనక దాక్కున్నాను, ఆ పూట తినలేదు. తెలుగు వచ్చాక తెలిసింది, ఇద్దరూ అన్నది ఒకటే మాట. "రా, తిను" అని.

కిస్మెట్ ఇప్పుడు ఎమ్.ఐ.టి. మ్యూజియంలో ఉంది. దాన్ని ఎంత తిట్టినా, స్విచ్ తీసేస్తే అయిపోయింది. దానికి ఇల్లు గుర్తు రాదు, రాత్రి ఏడుపు రాదు. చిన్నపిల్లలకు స్విచ్ ఉండదు కదా. నాకు ఆ తలుపు ఇంకా గుర్తుంది.

జూన్‌లో బడి తెరిస్తే మళ్లీ చిన్నవాళ్లు వస్తారు. కొందరికి తెలుగు రాదు. "ఎన్నిసార్లు చెప్పాలే నీకు!" అని అరిస్తే వాళ్లకు అరుపు ఒక్కటే అందుతుంది. అక్కలారా, మెల్లగా చెబుదాం. చేత్తో చూపిద్దాం. వార్డెన్ మేడమ్ గారికి ఒక మనవి. వాళ్ల భాష తెలిసిన అక్క పక్కనే వాళ్లకు పడక వేయించండి. మొదటి వారం రోజులు చాలు మేడమ్, తరువాత వాళ్లే అలవాటు పడతారు.

– 9వ తరగతి విద్యార్థిని