టూవూంబాలో బయట తినాలంటే

బ్రిస్బేన్ నుంచి పడమరకి సుమారు 125 కిలోమీటర్లు వచ్చి, ఘాట్ రోడ్డు ఎక్కితే మా టూవూంబా. సెప్టెంబర్లో పూల పండగకి అమ్మానాన్నల్ని తీసుకొచ్చేవాళ్ళకి ఓ మాట.

తిండికి మార్గరెట్ స్ట్రీట్ ఉంది. రాత్రి ఏడుకల్లా కూర్చోండి, కిచెన్లు తొందరగా మూసేస్తారు. పిక్నిక్ పాయింట్లో కాఫీ తాగుతూ లోయ చూడొచ్చు.

ఇక లామింగ్టన్ కేకు. చాక్లెట్లో ముంచి కొబ్బరికోరులో దొర్లిస్తారు. 1896-1901 మధ్య క్వీన్స్‌లాండ్ గవర్నరుగా ఉన్న లార్డ్ లామింగ్టన్ పేరది. పుట్టింది ఈ ఊళ్ళోనేనని ఇక్కడివాళ్ళ వాదన. కొబ్బరే కదా అని అమ్మ చేతిలో పెట్టేరు, అందులో గుడ్డుంటుందండీ! ఇక్కడ ‘వెజిటేరియన్’ అంటే గుడ్డు ఉండదని కాదు. ‘నో ఎగ్’ అని విడిగా చెప్పాలి.

తిన్నాక తెలిస్తే ఆవిడ ఏమీ అనరు. రాత్రికి అన్నం మానేస్తారు, అంతే.