బాల్కనీ ఎటువైపు?

ముంబై నుంచి గోవాకు ఓడలో వెళ్దామనుకునే మనవాళ్లు ముందు అడిగేది గది అద్దె. బ్యాంకువాణ్ణి కనుక నేనూ అక్కడే మొదలుపెట్టాను. కిటికీ లేని లోపలి గది అన్నిటికన్నా చవక. పగలంతా పై డెక్కు మీదే తిరిగే పిల్లలకు అది చాలు. లిఫ్టు ఉన్నా ఎక్కువ దూరం నడవలేని మా అమ్మ కోసమే బాల్కనీ గది. ఓడ ముందు, వెనుక కొసలు బాగా ఊగుతాయి. నడిమి భాగంలో, కింది అంతస్తుల్లో కుదుపు తక్కువ. (వానాకాలంలో అయితే అరేబియా సముద్రం జోలికే పోవద్దు.) ఇక వైపు సంగతి. దక్షిణానికి పోయేటప్పుడు ఎడమ బాల్కనీ కొంకణ తీరం వైపు, కుడి బాల్కనీ సూర్యాస్తమయం వైపు. తిరుగు ప్రయాణంలో తారుమారు. నేను కాగితం మీద లెక్కలు వేస్తుంటే అమ్మ తేల్చేసింది: "ఎనభై ఏళ్లుగా నేలే చూస్తున్నానురా, నీళ్లవైపు తీసుకో." కుడివైపు తీసుకున్నాం. గోవా చేరేదాకా ఆ కుర్చీ ఎవరికీ ఇవ్వలేదు. భోజనం కూడా అక్కడికే తెప్పించుకుంది.